మూత తియ్యకు

ఇంటి వెనక షెడ్డు
జనవరి 9

అక్కకి,

ఇక్కడ మనుషులం బాగానే ఉన్నాం, బండికే బాగాలేదు. నువ్వూ, గేర్లు కోసే నీ మిషనూ బాగున్నారనే అనుకుంటున్నాను. ఫోన్ చెయ్యకుండా ఉత్తరం ఎందుకంటావేమో, నువ్వు పెట్టిన రూలే. "నోటితో అన్న మాటకి తర్వాత 'నేనలా అన్లేదక్కా' అంటావు. కాగితం మీద పెట్టు, రుజువుంటుంది" అన్నావు. ఇదిగో పెడుతున్నాను.

నా బండి సంగతి నీకు తెలిసిందే. రెండే సీట్లు, ఇంజను వెనక చక్రాలకి కూడా వెనకాల, నేలకి అంటుకుపోయినట్టు ఉంటుంది. రోడ్డు మీద చూసిన ప్రతివాడూ ఆగి చూస్తాడు. వాళ్ళు ఆగి చూడటానికి వీలుగా అది కూడా ఆగే ఉంటుంది. జబ్బంతా గేరుబాక్సులో ఉంది. తనంతట తాను గేర్లు మార్చుకునే రకం. ఉన్నవే మూడు. ఎత్తు కనిపించగానే రెండు వెయ్యాలా మూడు వెయ్యాలా అని తర్జనభర్జన పడి, సంతకం పెట్టమంటే మన బాబాయి అన్నట్టు "రేపు చూద్దాం" అని కూర్చుంటుంది.

ఇక్కడి పాత బండ్ల సంఘం వాళ్ళు ఏటా మే నెల చివరి ఆదివారం కొండ మీదికి బండ్లు తోలతారు. మూడు కిలోమీటర్లు, పదకొండు మలుపులు. సొంత ఇంజనుతో, ఎవరూ తొయ్యకుండా, మధ్యాహ్నం పన్నెండు లోపల పైకి చేరాలి. మూడేళ్ళుగా నేను నాలుగో మలుపు దాటలేదు. ఈసారి నీ మరదలు నా చేత కాగితం రాయించుకుని వంటింటి తలుపుకి అంటించింది: "ఈ మే నెలలో బండి కొండ ఎక్కకపోతే పళ్ళ డాక్టరుకి ఇచ్చేస్తాను." పళ్ళ డాక్టరంటే మా సంఘం అధ్యక్షుడు. పేషెంట్లు కూర్చునే హాల్లో బండిని పెట్టి, సీట్లలో పూలకుండీలు పెడతాట్ట.

అక్కా, తొమ్మిదేళ్ళుగా నేను మంచం మీద కన్నా ఆ బండి కింద ఎక్కువసేపు పడుకున్నాను. దాన్ని పూలకుండీ చేస్తే తట్టుకోలేను. అందుకే అయిదు గేర్ల బాక్సు పెడదామని నిశ్చయించాను, చేత్తో వేసే రకం. తుక్కు కొట్లో ఒక వ్యాను దొరికింది. దాని బాక్సు విప్పించి నేరుగా నీ షాపుకే పంపమన్నాను. బేరింగులు మార్చి, అరిగిన గేర్లు కొత్తవి కోసి నాకు పంపు. ఈలోగా నేను క్లచ్ పెడల్ బిగించి, గేరు రాడ్డు కోసం బండి నేలలో కన్నం కోస్తాను.

నీ తమ్ముడు

*

గేర్ల షాపు, కిటికీ పక్క బల్ల
జనవరి 20

ఒరే తమ్ముడూ,

బాక్సు వచ్చింది. దాని మీద ఉన్న మురికి గీకితే ఇంకో బాక్సు తయారవుతుంది. బేరింగులు పోయాయి, మూడో గేరు పళ్ళు మన తాతయ్య పళ్ళలా మిగిలాయి. చేస్తాను, కంగారు పడకు.

నేను నమ్మనిది బాక్సుని కాదు, నిన్ను. చిన్నప్పుడు నువ్వు మొదలుపెట్టిన పంజరం ఎవరు పూర్తి చేశారు? నేను. నువ్వు సగం వేసిన మ్యాపుకి నదులెవరు గీశారు? నేను. మీ ఇంట్లో ఆ మూడు కాళ్ళ బల్ల ఇంకా గోడకి ఆనుకునే ఉందా? బళ్ళో డ్రాయింగు మాస్టారివి, బొమ్మ గీయడం నీకు వచ్చు. గీతకీ బోల్టుకీ మధ్య చాలా దూరం ఉందిరా.

ఆ కాగితం రాయించుకున్నందుకు మా మరదల్ని మెచ్చుకున్నానని చెప్పు. నేల కోసేముందు రెండుసార్లు కొలువు. ఒకసారి నువ్వు, ఒకసారి ఆవిడ.

అక్క

*

ఇంటి వెనక షెడ్డు
ఫిబ్రవరి 14

అక్కకి,

నేల కోశాను. ఒక్కసారే కొలిచాను. గేరు రాడ్డు రావలసిన చోటికి జానెడు వెనక కన్నం పడింది. దాన్లోంచి చూస్తే రోడ్డు కనిపిస్తుంది, గాలి కూడా బాగా వస్తుంది. రేకు ముక్క పెట్టి అతికాను. ఈ సంగతి నీ మరదలికి రాయకు.

క్లచ్ పెడల్ బిగించాను. బిగించాక తెలిసింది, నా చెప్పు వెడల్పుకి మూడు పెడళ్ళూ ఒకేసారి నొక్కుకుంటున్నాయని. పెడల్ కొంచెం కోశాను, చెప్పు కొంచెం కోశాను, మధ్యేమార్గంగా సర్దుకున్నాం.

ఒక్క సంగతి, కోప్పడకుండా విను. ఆ వ్యానులో ఇంజను ముందు చక్రాలకి ముందుంటుంది. నా బండిలో వెనక చక్రాలకి వెనకుంటుంది. అంటే బాక్సుని ఆ మొహం ఈ మొహంగా తిప్పి పెట్టాలి. ఉన్నది ఉన్నట్టు తిప్పి పెడితే చక్రాలు ఉల్టా తిరుగుతాయి. అలా కాకూడదంటే లోపలున్న పెద్ద పళ్ళ చక్రాన్ని, అదే క్రౌనుని, ఈ పక్క నుంచి ఆ పక్కకి మార్చాలి. నీకు తెలుసనుకో. అయినా గుర్తుచేస్తున్నాను.

"అక్కయ్యగారికి గేర్లు నేర్పుతున్నారా?" అని నీ మరదలు వెనక నుంచి ఈ పేజీ చదివి నవ్వుతోంది, కన్నం సంగతి రాసిన పేజీ ముందే మడిచి జేబులో పెట్టాను. డిపోలో పొద్దస్తమానం బస్సులు వెనక్కి తోలి వరసలో పెట్టి వచ్చిన మనిషికి నా బండి బొమ్మలా కనిపిస్తుంది. ఆదివారాలు షెడ్డు గుమ్మంలో నిలబడి, ఇక్కడ బండి లేకపోతే ఎంత చోటుండేదో అడుగులతో కొలుస్తుంటుంది.

తమ్ముడు

*

గేర్ల షాపు
ఫిబ్రవరి 22

ఒరే,

నాకు క్రౌను గురించి చెప్తున్నావా? నువ్వు ఉగ్గు తాగే రోజుల్లోనే నేను సైకిలు చెయిన్ విప్పి మళ్ళీ వేశాను. ముప్ఫై ఏళ్ళుగా గేర్లు కోస్తున్నాను. ఈ షాపులో అడుగుపెట్టి ఇలా చెప్పినవాడు రెండోసారి అడుగుపెట్టలేదు. ఆ సంగతి ఇంకోసారి ఎత్తకు.

అక్క

*

గేర్ల షాపు
ఏప్రిల్ 3

తమ్ముడూ,

బాక్సు లారీలో వేశాను. చెక్కపెట్టెలో గడ్డి వేసి కట్టించాను. కొత్త బేరింగులు, కొత్త మూడో గేరు, కొత్త సీళ్ళు. చేత్తో వేస్తే వెన్నలో గరిటె దిగినట్టు దిగుతుంది.

మూత తియ్యకు. మళ్ళీ చెప్తున్నాను, మూత తియ్యకు. పన్నెండు బోల్టులూ నేనే బిగించాను, లోపల నువ్వు చూడవలసిందేమీ లేదు. తీసుకుని, తిప్పి, పెట్టేసెయ్. నీ చేతిలో స్పానరుంటే ఊరుకోదని తెలుసు. అది పట్టుకుని వేరే ఎక్కడికైనా వెళ్ళు.

నీ మీద కోపమేం లేదు. ఫిబ్రవరిలో ఉండేది, మార్చి మొదటివారంలో పోయింది.

అక్క

*

ఇంటి వెనక షెడ్డు
ఏప్రిల్ 19

అక్కకి,

బాక్సు క్షేమంగా అందింది. మూత తియ్యలేదు. అంత నున్నగా తుడిచి పంపావు, ముట్టుకోవడానికే భయమేసింది. మూత తియ్యాలన్న ఆలోచనే రాలేదు. పెట్టె విప్పి, మూత తియ్యకుండా బల్ల మీద పెట్టి, మూత ఉన్నది ఉన్నట్టుగానే బండికి బిగించాను. పక్కింటి దర్జీ సాయం పట్టాడు. మూత తియ్యలేదని కావాలంటే ఆయన్ని అడుగు.

పళ్ళ డాక్టరు వచ్చి చూసి వెళ్ళాడు. బండి చుట్టూ తిరిగి, టేపు తీసి సీట్లు కొలుచుకున్నాడు. "కుండీలు గుండ్రటివి పడతాయా, నలుచదరంవా?" అని నన్నే అడిగాడు. నా వంట్లో రక్తం సలసల మరిగింది. నీ మరదలు మాత్రం "నలుచదరంవి అయితే కదలవండీ" అని సలహా ఇచ్చింది.

తమ్ముడు

*

గేర్ల షాపు
మే 1

ఒరే,

నేనేమీ అడక్కుండానే మూత తియ్యలేదని ఎన్నిసార్లు రాశావో లెక్కపెట్టుకో. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాట్ట వెనకటికి నీలాంటివాడు. నాకు అనుమానంగా ఉంది. అయినా నా తమ్ముడు అబద్ధం ఆడడు, ఆడితే ఇంత అధ్వాన్నంగా ఆడడు అని సరిపెట్టుకుంటున్నాను.

కొండకి వెళ్ళేముందు కనీసం వీధి చివరిదాకా నడిపి చూడు.

అక్క

*

ఇంటి వెనక షెడ్డు
మే 24, శనివారం

అక్కకి,

రేపే కొండ. వీధిలో నడిపి చూడటం కుదరలేదు. బళ్ళో పరీక్షల పేపర్లు, ఇక్కడ క్లచ్ గొట్టం లీకు, రెండూ ఒకేసారి వచ్చాయి. ఇప్పుడే బిగించడం అయింది. కానీ పరీక్ష చెయ్యకుండా లేను. వెనక చక్రాలు గాల్లోకి లేచేలా జాకీల మీద పెట్టి, ఇంజను స్టార్ట్ చేసి, గేర్లన్నీ వేసి చూశాను. నేను లోపల కూర్చుని "తిరుగుతున్నాయా?" అని అరిచాను. వెనక నిలబడ్డ దర్జీ "బ్రహ్మాండంగా తిరుగుతున్నాయి!" అన్నాడు. అయిదు గేర్లకీ అయిదుసార్లు అన్నాడు. గేరుకి గేరుకీ వేగం పెరుగుతోందట. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయట కూడా, పొగవల్ల అనుకుంటాను.

అక్కా, నాకు నిద్ర పట్టేలా లేదు. నేను చేసిన ఒక్క పనైనా, నేనే మొదలుపెట్టి నేనే ముగించిన పని, లోకం ముందు నిలబడాలని ఉంది. రేపు బండిని ట్రాలీ మీద కొండ కిందికి తీసుకెళ్ళి, అక్కడ దింపి, మొదటి గేరు వేస్తాను. అంతే.

తమ్ముడు

*

వంటింటి బల్ల
మే 26

అక్కకి,

కొండ ఎక్కింది. మిగతా సంగతులు కలిసినప్పుడు చెప్తాను.

తమ్ముడు

*

గేర్ల షాపు
జూన్ 2

ఒరే,

కలిసినప్పుడా? మనం కలిసి నాలుగేళ్ళయింది. ఇంకో నాలుగేళ్ళు ఆగమంటావా?

క్లచ్ గొట్టం లీకైతే ఒక పేజీ రాస్తావు. చెప్పు కోసుకుంటే అర పేజీ రాస్తావు. తొమ్మిదేళ్ళ కల నిజమైతే రెండు ముక్కలు రాస్తావా? "కొండ ఎక్కింది" అన్నావు, "ఎక్కించాను" అన్లేదు. షెడ్డులోంచి రాసేవాడివి వంటింట్లోంచి రాశావు. నేను గేర్లు కోసేదాన్నే గాని, బుర్ర లేనిదాన్ని కాదు. ఏం జరిగిందో మొదట్నుంచీ రాయి. లేకపోతే మా మరదలికి రాసి అడుగుతాను. నేల కన్నం సంగతి కూడా ఆ ఉత్తరంలోనే ఉంటుంది.

అక్క

*

వంటింటి బల్ల
జూన్ 9

అక్కా,

రాస్తున్నాను. సగంలో నవ్వితే మిగతా సగం చదవకు.

ఆదివారం పొద్దున కొండ కింద యాభై మంది దాకా ఉన్నారు. ఎర్రజెండా పట్టుకుని సంఘం మనిషి నిలబడ్డాడు. పళ్ళ డాక్టరు ఒక బల్ల వేసి, మంచి గుడ్డ పరిచి, బహుమతి కప్పులు వరసగా పేర్చాడు. ఆ బల్ల నా బండికి వెనకాలే ఉంది. జెండా ఊపారు. మొదటి గేరు వేశాను. నిజంగానే వెన్నలో గరిటె దిగినట్టు దిగింది. క్లచ్ వదిలాను.

బండి వెనక్కి వెళ్ళింది.

కంగారులో రివర్సు వేశానేమో అనుకుని రెండో గేరు వేశాను. ఇంకా జోరుగా వెనక్కి వెళ్ళింది. బల్ల, గుడ్డ, కప్పులు, డాక్టరు గారు పక్కకి గెంతడం, అన్నీ అద్దంలో కనిపించాయి. బ్రేకు నొక్కబోతే కోసుకున్న చెప్పు జారింది. కప్పులన్నీ పడ్డాక ఆగింది. అక్కా, నా బండికి అయిదు గేర్లున్నాయి. అయిదూ వెనక్కే. రివర్సు వేస్తే ముందుకి వెళ్తుంది, అదొక్కటే ముందుకి.

సరే, ఆ ఒక్క గేరుతోనే ఎక్కుదామని బయలుదేరాను. ఇంజను గోల పెట్టింది. నా పక్కన ఒక ముసలాయన చేతికర్రతో నడుస్తూ నన్ను దాటి వెళ్ళాడు, వెళ్తూ వెళ్తూ "నీళ్ళు కావాలా బాబూ?" అని అడిగాడు. రెండో మలుపు దగ్గర పొగ. ఇంజను ఆపి, మెల్లగా కిందికి జారి, మొదలుపెట్టిన చోటికే వచ్చాను. మొదటికే మోసం వచ్చిందంటే ఇదే. అప్పటికి పదకొండు దాటింది.

నేను స్టీరింగు మీద తల పెట్టుకుని కూర్చున్నాను. ఏడుపొచ్చింది, దాచడం దేనికి. పళ్ళ డాక్టరు వచ్చి కిటికీలోంచి తల పెట్టి, "పోన్లెండి మాస్టారూ, మా హాల్లో ఎటూ నడవక్కర్లేదు కదా" అన్నాడు. అందరూ నవ్వారు. ఆయన అక్కడితో ఆగితే బాగుండేది. నీ మరదలి వైపు తిరిగి, "వెనక్కి పోవడానికి కూడా ఓ బండి కావాలా అమ్మా?" అన్నాడు.

నీ మరదలికి అంతకన్నా కావలసిందేముంది చెప్పు? నేను ఓడిపోతే షెడ్డు తనది. ఆ పొద్దున బయలుదేరేటప్పుడు వంటింటి తలుపు మీది కాగితం ఊడదీసి సంచీలో పెట్టుకుంది, అక్కడే డాక్టరు చేతిలో పెట్టెయ్యడానికి. కానీ ఆ మాట విన్నాక ఆవిడ మొహం మారిపోయింది. ఇరవై రెండేళ్ళుగా బస్సులు వెనక్కి పెట్టి అన్నం తింటున్న మనిషితో ఆ మాట అనొచ్చా? తలుపు తీసి, "ఏవండీ, కాస్త దిగండి" అంది.

"ఎందుకు?"

"దిగమంటే దిగండి. ఆ పక్క కూర్చోండి. అరవకండి."

బండిని తిప్పి, వెనక భాగం కొండ వైపు పెట్టింది. తలుపు సగం తెరిచి, ఒక చెయ్యి స్టీరింగు మీద, మెడ బయటికి పెట్టి, రెండో గేరు వేసింది. అక్కా, కొండ మీదికి వెళ్ళాం. వెనక్కి. నేను వెళ్తున్న వైపు చూడలేక కింద ఊరి వైపు చూస్తూ కూర్చున్నాను. ఊరు చిన్నదైపోతూ ఉంటే మనం పైకి వెళ్తున్నామన్నమాట అని లెక్క వేసుకున్నాను. నాలుగో మలుపు దాటింది. ఏడో మలుపులో మూడో గేరు వేసింది. ఎదురొచ్చిన సైకిలతను దిగి, సైకిలు పక్కన పెట్టి, చేతులు కట్టుకుని చూశాడు. పదో మలుపు దగ్గర ఇందాకటి చేతికర్ర ముసలాయన్ని దాటాం. ఆయన చప్పట్లు కొట్టాడు. ఒక్కసారి కూడా రాయికి తగల్లేదు, ఒక్కసారి కూడా ఇంజను ఆగలేదు. ఆవిడ డిపోలో చేసే పని నేను ఇరవై రెండేళ్ళలో ఒక్కసారి కూడా వెళ్ళి చూడలేదని అప్పుడు గుర్తొచ్చి సిగ్గేసింది.

పైన వేళ చూశారు, పదకొండూ నలభై ఏడు. జెండా మనిషిని ఎక్కించుకుని వెనకాలే కారులో వచ్చిన డాక్టరు "చెల్లదు, చెల్లదు" అన్నాడు. నీ మరదలు జెండా మనిషి చేతిలోంచి రూల్సు పుస్తకం లాక్కుని డాక్టరుకి ఇచ్చింది. "సొంత ఇంజను, ఎవరూ తొయ్యలేదు, పన్నెండు కాలేదు. మొహం ఎటు పెట్టాలో ఇందులో ఎక్కడ రాశారు? చూపించండి" అంది. ఆయన రెండుసార్లు మొదట్నుంచి చివరిదాకా చదివాడు. దొరకలేదు. ఆవిడ సంచీలోంచి కాగితం తీసి, నాలుగు ముక్కలు చేసి, అక్కడున్న చెత్తబుట్టలో వేసింది.

బండి దక్కింది. ఇక ఇది కూడా చెప్పేస్తాను. నేను మూత తీశాను. ఫిబ్రవరిలో "ఆ సంగతి ఇంకోసారి ఎత్తకు" అన్నావు చూడు, అమ్మ కళ్ళజోడు బాగుచెయ్యమన్నప్పుడూ నువ్వు ఆ మాటే అన్నావు. ఆ కళ్ళజోడు ఆర్నెల్లు అలాగే ఉంది. నీకు కోపమొస్తే చెప్పిన పని చెయ్యవు. పైగా మూత తియ్యకని అన్నిసార్లు రాశావు. చెయ్యని పని దాస్తున్నావనుకున్నాను. నీ తప్పు బయటపడితే నీకు చిన్నతనంగా ఉంటుందని, చప్పుడు చెయ్యకుండా మూత తీసి, క్రౌను ఆ పక్కకి మార్చి, మళ్ళీ బిగించేశాను. నీకు తెలియకుండానే అయిపోతుందనుకున్నాను.

కానీ అక్కా, నాకు అర్థం కానిదొక్కటే. నేను మార్చాను. ఒట్టు, నా చేత్తో మార్చాను. మరి ఎందుకు వెనక్కి వెళ్ళింది?

తమ్ముడు

*

గేర్ల షాపు
జూన్ 15

ఒరే నాయనా,

ఎందుకో నీకు ఇంకా తెలియలేదంటే నువ్వు నిజంగా నా తమ్ముడివే.

నేనూ మార్చానురా. నీ ఫిబ్రవరి ఉత్తరం రాకముందే, జనవరిలోనే మార్చి పెట్టాను. నువ్వు దాన్ని మళ్ళీ మార్చి మొదట ఎలా ఉందో అలా చేశావు. మీ డాక్టరు చూసి నవ్వింది మన ఇద్దరి పనితనాన్ని. మూత తీసినవాడివి ఇంజను వైపు ఇరుసు చేత్తో ఒక్కసారి తిప్పి చూస్తే తెలిసేది కదా. జాకీల మీద పెట్టినప్పుడు "తిరుగుతున్నాయా" అని అడిగావు గాని, "ఎటు?" అని అడగలేదు. చొక్కా ముందు వెనకలు తెలిసిన దర్జీకైనా తట్టలేదు.

ఇంత తిట్టాను కదా, ఇప్పుడు నా వంతు. మార్చానని ఒక్క ముక్క రాస్తే పోయేది. ఎందుకు రాయలేదో చెప్తాను. నువ్వు క్రౌను సంగతి రాసేసరికి నాకు మంటెత్తింది, అది నిజమే. మంట చల్లారాక ఇంకోటి అనిపించింది. ఆ పని నువ్వు చెయ్యగలవని నేను నమ్మలేదు. నమ్మలేదని నీకు తెలిస్తే బాధపడతావు. అందుకని, అప్పటికే చేసేసిన సంగతి చెప్పకుండా మూత బిగించేశాను. పంజరానికీ మ్యాపుకీ చేసినట్టే. అన్నీ పూర్తిచేసి పెట్టి, నువ్వే చేశావనిపించడం నాకు అలవాటైపోయింది. అది ప్రేమే అనుకున్నాను ఇన్నాళ్ళూ. నీ శనివారం ఉత్తరంలో "నేనే మొదలుపెట్టి నేనే ముగించిన పని" అని రాశావు చూడు, అది చదివినప్పుడు ఆ బాక్సు లోపల నేను చేసిన పని గుర్తొచ్చి అన్నం సహించలేదు.

నా తప్పు నువ్వు కప్పిపెట్టాలనుకున్నావు. నీ తప్పు నేను ముందే దిద్దేశాననుకున్నాను. ఇద్దరం మంచివాళ్ళమే, బండే వెనక్కి పోయింది.

మా మరదలి సంగతి చదివి షాపులో మిషన్లన్నీ ఆపించి గట్టిగా చదివి వినిపించాను. అందరూ లేచి నిలబడ్డారు. బాక్సు మళ్ళీ దింపాలి, మళ్ళీ మార్చాలి. నువ్వు చేస్తావా, నేను చెయ్యనా? ఈసారి నువ్వే చెప్పు, నువ్వు చెప్పిందే చేస్తాను.

అక్క

*

ఇంటి వెనక షెడ్డు
జూన్ 24

అక్కా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి నవ్వొచ్చింది. రెండోసారి కాసేపు షెడ్డు తలుపు వేసుకుని కూర్చున్నాను.

బాక్సు దింపాను. బల్ల మీద ఉంది. మూత తియ్యలేదు, ఈసారి నిజంగా తియ్యలేదు. దర్జీని అడగనక్కర్లేదు, నీ మరదలు మూత మీద సుద్దతో గీత గీసి తన సంతకం పెట్టింది. అక్కాతమ్ముళ్ళు ఇద్దరూ ఒకే గదిలో లేనిదే ఎవరూ ముట్టుకోవడానికి వీల్లేదట. నువ్వు రా. మళ్ళీ ఎటైనా పోతే ఇద్దరం ఒకేసారి చూస్తాం. పని ముగించడమంటే ఇంకెవరి చెయ్యీ పడకుండా ముగించడమే అనుకునేవాణ్ణి. కొండ మీద పక్క సీట్లో కూర్చున్నప్పుడు నా బండిని ఇంకొకరు నడుపుతున్నారని నాకు ఒక్కసారి కూడా అనిపించలేదు. నా జీవితంలో అంత సంతోషం ఎప్పుడూ లేదు.

షెడ్డు సంగతి అడిగాను. "షెడ్డెవరిక్కావాలి?" అంది. ఆవిడ ఇప్పుడు అడుగులతో కొలవడం మానేసి, సీటు ముందుకి జరిపి, అద్దం తన ఎత్తుకి తిప్పుకుంది. నేను కూర్చుంటే మోకాళ్ళు స్టీరింగుకి తగులుతున్నాయి. జరపబోతే "అలాగే ఉండనివ్వండి" అంటోంది. వచ్చే మే నెలకి సంఘంలో పేరు కూడా ఇచ్చేసింది, తన పేరు. పళ్ళ డాక్టరే స్వయంగా రాసుకున్నాడు.

నువ్వు దిగగానే, మనం క్రౌను మార్చి బాక్సు బండికి బిగించగానే, నిన్ను మొదటి గేరులో, ముందుకి, కొండ మీదికి తీసుకెళ్తానని చెప్పమంది. మరి నేనో అని అడిగాను. "రెండే సీట్లు కదండీ" అంది.

నాకేం ఫర్వాలేదు. నేను కొండ కింద నిలబడి, ఎటు వెళ్తున్నారో చూసి చెప్తాను.

నీ తమ్ముడు